ప్రార్థన ప్రార్థనే, మోకు మోకే



ఈ నెల అరిసెల పాకం గురించి రాద్దామని కూర్చున్నాను. క్రిస్మస్ నెలలో ముచ్చటంటే పిండివంటలు, పిల్లల కొత్త బట్టలు, గుమ్మానికి కట్టే నక్షత్రం, ఇంతేగా. అప్పుడే ఒక చెల్లెలి ఉత్తరం చేతికొచ్చింది. పేరు రాయొద్దంది, రాయను. నాలుగు పేజీలు రాసి, అడిగింది మాత్రం ఒక్కటే. "రోజూ వాక్యం చదువుతాను, మోకరిస్తాను, శుక్రవారం ఉపవాసం మానను. అయినా అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది అక్కా. సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లంతా నమ్ముకున్నాక చింతే లేదంటారు. మరి నాది దొంగ విశ్వాసమా?"

అరిసెల సంగతి వచ్చే ఏడు చూద్దాం.

చెల్లీ, ముందు నా కథ విను. మాది దివిసీమ. లీజుకి తీసుకున్న మూడు రొయ్యల చెరువులున్నాయి. మా ఆయన వనామీ వేస్తారు, నేను లెక్కలు రాస్తాను. పెద్దోడు అమెరికాలో ఎమ్మెస్ చదివాడు. 2025 ఆగస్టులో అమెరికావాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు. అప్పటికి మన రొయ్యని అందరికంటే ఎక్కువగా కొంటున్నది వాళ్లే. దాంతో ఇక్కడ కొనేవాళ్లు రేటు దించేశారు. నెల తిరిగేసరికి కొత్త హెచ్‌-1బీ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లన్నారు. ఇక్కడ చెరువులో రొయ్య, అక్కడ గదిలో కొడుకు, ఇద్దరి జాతకమూ ఒక్క సంతకం కిందే ఉందని మొదటి వారం నవ్వుకున్నాం కూడా. రెండో వారం నుంచి నవ్వు రాలేదు.

చదువయ్యాక అక్కడ ఓపీటీ అని పని చేసుకునే అనుమతి ఒకటిస్తారు. అందులో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదట. వాడి లెక్క అక్టోబరు మొదటివారంలో మొదలైంది. నేనేం చేశానో తెలుసా? సంఘంలో ఇచ్చిన వాగ్దానపు క్యాలెండరు తీసి, రోజుకొక ఇంటూ గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. పైన పెద్దక్షరాల్లో వాక్యం, కింద నా ఎర్ర పెన్ను గుర్తులు. ఒక రోజు మా పాస్టరమ్మ గారు ఇంటి ప్రార్థనకొచ్చి దాని వంక చూశారు. ఏమీ అనలేదు, మంచి మనిషి. నాకే సిగ్గేసి క్యాలెండరు తిప్పి పెట్టాను. ఆవిడ వెళ్లగానే మళ్లీ తిప్పాననుకో.

వాట్సాప్ సంగతి ఇక చెప్పనే వద్దు. మనకి తెల్లవారితే వాడికి రాత్రి. మెసేజ్ పెట్టి, రెండు టిక్కులు నీలంగా మారతాయా లేదా అని చూస్తూ పొయ్యి మీద పాలు పొంగించిన రోజులెన్నో. వాడు "బానే ఉన్నానమ్మా" అంటే బాగోలేదని అర్థం. "అమ్మా, కాస్త పని మీదున్నా" అంటే నిజంగా బావున్నట్టు.

ఇక అక్టోబరు 28, మొంథా తుఫాను రాత్రి.

రెండు రోజుల ముందు నుంచీ ఫోన్లలో హెచ్చరికలు, పంచాయతీ మైకు. పల్లంలో ఇళ్లవాళ్లని బడిలోకి చేర్చారు. మాది కాస్త మెరకన ఉన్న డాబా ఇల్లు, ఉండిపోయాం. సాయంత్రానికి కరెంటు పోయింది. చెరువు తెలిసినవాళ్లకి ఆ మాట చాలు. తెలియనివాళ్లకి చెబుతాను. చెరువు నీళ్లలో ఉండే పాచి పగలు ఎండకి ఆక్సిజను ఇస్తుంది. రాత్రయ్యేసరికి అదే పాచి రొయ్యతో పోటీపడి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మరీ తక్కువైపోతుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. అవి ఆగిపోతే ఊపిరాడక రొయ్య పైకి తేలుతుంది. తేలిందంటే ఆ పంట మీద ఆశ వదులుకోవడమే. మూడు చెరువులకీ మాకున్నది ఒక్క జనరేటరు. మా ఆయనా కావలి కుర్రాడూ డీజిలు డబ్బాలు మోసుకుని గట్టు మీదికి పోయారు.

నేను గదిలోకెళ్లి మోకరించాను. మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించినదాన్ని, మొదలుపెడితే నన్నాపడానికి ఎవరో ఒకరు దగ్గాల్సి వచ్చేది, ఆ రాత్రి "ప్రభువా" దగ్గరే ఆగిపోయాను. చెవి మాత్రం జనరేటరు చప్పుడు మీదే ఉంది. గాలి హోరులో అది వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం.

ఎంతసేపున్నానో తెలియదు. వెనకనుంచి అత్తమ్మ గొంతు. "పిల్లా, అన్నం తిన్నావా?"

అత్తమ్మ గురించి చెప్పాలి. ఇప్పుడావిడకి డెబ్బై మూడు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనొచ్చినప్పుడు పాతికేళ్ల మనిషి, చంకలో పదకొండు నెలల ఆడపిల్ల. ఆ రాత్రి సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. మామగారి నాన్న ఆవిణ్ణి తాటిచెట్టుకి కొబ్బరి మోకుతో కట్టేశారు. మోకు ఆవిణ్ణి నిలిపింది. చేతిలో బిడ్డని నిలపలేకపోయింది. ఇంతకు మించి ఆవిడెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ఆయన ఆ తర్వాత రెండేళ్లకి పుట్టారు.

దేవుడు ఏదో మేలు కోసమే అలా చేశాడని ఒకసారి ఎవరో సువార్త కూడికలో ఓదార్చబోయారు. అత్తమ్మ లేచి, కొంగు దులుపుకుని ఇంటికొచ్చేసింది. వచ్చాక యథాప్రకారం దీపం పెట్టుకుని తన పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసింది. అట్టలు ఊడిపోతే మా చిన్నోడి స్కూలు పుస్తకాల అట్ట వేసి కుట్టుకుంది దాన్ని. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలంటే ఆవిడకి ప్రాణం. దేవుడి మీద కోపమొచ్చిన రోజు కూడా ఆ పాట మాత్రం మానదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు పెళ్లయిన పదేళ్లకి గానీ అర్థం కాలేదు.

ఏటా అక్టోబరు రాగానే ఆవిడ అటక మీంచి మోకు దింపిస్తుంది. ఎండలో వేసి, పురి పురీ వేళ్లతో నొక్కి చూసి, చీకిన చోట ముడేయించి, వీధి గుమ్మం పక్క మేకుకి తగిలిస్తుంది. కొత్తల్లో నేను నవ్వాను. "అత్తమ్మా, ప్రభువు ఉండగా మోకెందుకు?" అన్నాను, బైబిలు ట్రైనింగు చేసొచ్చిన గర్వం నాది. ఆవిడ నా వంక కూడా చూడకుండా, "ప్రార్థన ప్రార్థనే, మోకు మోకే" అంది.

ఆ రాత్రి వంటింట్లో చల్లారిన అన్నంలో చింతకాయ పచ్చడి, నూనెచుక్క వేసి కలిపి ముద్దలు చేసి పెట్టింది. "ఇప్పుడెక్కడ తింటానత్తమ్మా" అంటే, "ఇప్పుడే తినాలి" అంది. తిన్నాను. నీళ్లు తాగించింది. చాప పరిచి, "పడుకో. వాళ్లొచ్చేదాకా నేను కావలుంటాను" అని కుర్చీ గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చుంది. తలుపులు గడగడలాడుతున్నాయి. మేకు మీద మోకు ఊగుతోంది. నేను నిద్రపోయాను. చెల్లీ, నమ్ముతావా, రెండు గంటలు, ఒళ్లు తెలియకుండా.

తర్వాత కదా ఏలీయా గుర్తొచ్చాడు. మొదటి రాజుల గ్రంథంలో చూడు. కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచి దిగాడు, దేశమంతా చూస్తుండగా. ఆ వెంటనే యెజెబెలు పంపిన ఒక్క కబురుకి గుండె జారి అడవిలోకి పరుగెత్తాడు. చెట్టు కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. మన సంఘాల్లో ఎవరైనా అంత మాటంటే మూడు రోజుల ఉపవాస కూడిక పెట్టి, నీలో అవిశ్వాసపు ఆత్మ ఉందనేవాళ్లం. దేవుడు మాత్రం దూతని పంపించి రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ పెట్టించాడు. మందలింపు లేదు, వాక్యం లేదు. హోరేబులో మాట్లాడడం అంతా ఆ తర్వాతే. ముందు అన్నం, ముందు నిద్ర. ఇన్నేళ్లు ఆ అధ్యాయం చదివి, మెల్లని స్వరం గురించి ఎన్ని వర్తమానాలు విన్నానో, రొట్టె గురించి ఒక్కటీ వినలేదు. బహుశా చెప్పేది మగవాళ్లు కాబట్టేమో. వండి పెట్టే చేతికి కదా ఆ మాట విలువ తెలిసేది.

దోనెలో నిద్రపోయిన యేసు ప్రభువు సంగతి కూడా అంతే. మార్కు రాసిన దాంట్లో చిన్న వివరం ఉంది, తలకింద తలగడ. గలిలయ సముద్రం అంటాం గానీ అది మంచినీళ్ల సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 200 మీటర్లకి పైగా కిందుంటుంది. చుట్టూ కొండలు. ఆ కొండల మీంచి చల్లగాలి ఒక్కసారిగా దిగితే నీళ్లు అల్లకల్లోలం. 1986లో కరువొచ్చి సరస్సు తగ్గితే, బురదలో ఆ కాలపు పడవ ఒకటి బయటపడింది. ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవు, రెండున్నర మీటర్లు కూడా లేని వెడల్పు. మన కృష్ణలో వేటకి పోయే నావ గుర్తు తెచ్చుకో. అందులో పదమూడు మంది! పైగా శిష్యుల్లో నలుగురు ఆ సరస్సు మీదే వలేసి బతికినవాళ్లు. వాళ్లే భయపడ్డారంటే గాలి ఉత్తది కాదు. మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని ప్రభువునే నిలదీశారు. ఆయన గాలిని గద్దించాక వాళ్లనీ ఒక మాటన్నాడు, నిజమే. కానీ పడవలోంచి ఎవర్నీ దింపెయ్యలేదు.

ఇక పౌలు. ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం నాలుగో అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. చింతపడొద్దన్న సగం పట్టుకుని ఒకళ్లనొకళ్లం బెత్తంతో కొట్టినట్టు కొట్టుకుంటాం. దాని తర్వాతి సగం చూడు. దేవుడి సమాధానం ఏం చేస్తుందని రాశాడు? మన తెలుగు బైబిల్లో అక్కడ వేసిన మాట కావలి. గ్రీకులో అది సిపాయిల మాట, పట్టణానికి పహరా కాసేవాళ్ల మాట. ఫిలిప్పీ అంటే రోమా సైన్యంలో చేసి దిగినవాళ్లని తెచ్చి నిలిపిన ఊరు. వాళ్లకి ఆ మాట ఇట్టే అందుంటుంది. రాసినవాడేమో సంకెళ్లలో ఉన్నాడు, తన పక్కనే కావలివాళ్లు.

మా చెరువుల దగ్గర కావలి కుర్రాడు ఉంటాడని చెప్పానుగా. వాడున్నంత మాత్రాన రొయ్యకి జబ్బు రాకుండా పోదు, గాలి ఆగదు, రేటు పెరగదు. వాడు గుడిసెలో టార్చి పెట్టుకుని మేలుకుని ఉంటాడు, అందుకని మేం పడుకోగలం. అంతే వాడి పని. నేనిన్నాళ్లూ సమాధానం అంటే గాలి ఆగడం అనుకున్నాను. గాలి ఆగని రాత్రి ఎవరో మేలుకుని ఉన్నారని తెలియడం అని ఆ చాప మీద తెలిసింది. అది అత్తమ్మ కుర్చీలో కూర్చున్న రూపంలో వచ్చింది. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, నాకు రాని ప్రార్థన ఆవిడ చేస్తోంది కాబోలు.

తెల్లారేసరికి తుఫాను నరసాపురం వైపు తీరం దాటిపోయిందని రేడియోలో చెప్పారు. మా ఆయన బురద కాళ్లతో వచ్చి గుమ్మంలోనే కూలబడ్డారు. మూడో చెరువు తేలిపోయింది. రెండిటిని కాపాడగలిగారు. మిగిలింది ఆ దించిన రేటుకే అమ్ముకున్నాం. పెద్దోడికి ఇది రాసేనాటికి ఉద్యోగం రాలేదు, క్యాలెండరు మీద అరవై రెండు గుర్తులు. ఈ సాక్ష్యం ఆదివారం లేచి చెబితే హల్లెలూయ అనేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకచోట చెప్పాను కూడా, ఏ సంఘమో ఎందుకులే. చెప్పి కూర్చోగానే పక్కావిడ నా చెయ్యి నొక్కి, "ఇంకాస్త గట్టిగా విశ్వసించాల్సిందమ్మా" అంది. చెరువు అడుగున విశ్వాసం కొలిచే మీటరేదో పెట్టి చూసినట్టు.

చెల్లీ, నీ దగ్గర సాక్ష్యం చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. గెలిచిన రోజు చెబుతారు, మిగతా రోజులు మౌనంగా ఉంటారు, అంతే. కీర్తనల గ్రంథం అలా దాచుకోలేదు. 88వ కీర్తన చదివావా? మొర పెట్టడంతో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్న ఒక్క ఆదరణ మాట కూడా ఉండదు. అయినా దాన్ని తీసెయ్యకుండా గ్రంథంలో ఉంచారు. గెత్సేమనేలో ప్రభువు పడ్డ వేదన తెలుసుగా. ఆయన కూడా ముగ్గుర్ని పిలిచి, నాతోపాటు మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు. ఆయనకి దొరకని కావలి ఆ రాత్రి నాకు దొరికింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు మోకు సంగతి. నువ్వు ఉత్తరం మూడో పేజీలో, మధ్యలో దాచిపెట్టినట్టు ఒక వాక్యం రాశావు. నాలుగు నెలలుగా నిద్ర లేదు, డాక్టరు దగ్గరికెళ్తే విశ్వాసం లేదంటారేమోనని వెళ్లలేదు అని. వెళ్లు. రేపే వెళ్లు. లూకా వైద్యుడే. తిమోతికి కడుపు బాగోలేదంటే పౌలు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు గానీ ఉపవాసం ఉండమనలేదు. (ఆ ఒక్క వచనం పట్టుకుని మా వీధిలో ఒకాయన రోజూ సాయంత్రం తిమోతి అవుతుంటాడు, అది వేరే కథ.) బీపీకి మాత్ర వేసుకుంటాం, షుగరుకి వేసుకుంటాం. గుండెదడకి, నిద్రలేమికి మాత్రం దేవుడికి కోపమొస్తుందా? బయటికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోను చెయ్యి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నేనూ వాడుతున్నాను చిన్న మాత్ర ఒకటి, తుఫాను అయిన మూడో వారం నుంచి. పచ్చడి జాడీ పక్కనే పెట్టుకున్నాను, దాచుకోలేదు.

ప్రార్థనా మోకూ రెండూ కావాలన్న మాట నాకు మా తాతమ్మ దగ్గరా దొరికింది. మా పుట్టిల్లు ఒంగోలు వైపు. చిన్నప్పుడు తాతమ్మ బకింగ్‌హాం కాలువ చూపించి, దాన్ని మనవాళ్లు తవ్వారే అనేది. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొరగారు పూర్వాశ్రమంలో సర్వే పని చేసినవారు. ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలి దొరకాలని ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నారు. కూలి కోసమో కూటి కోసమో మతం మారారనే మాట రాకూడదని, కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు. కరువు వెనకపట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ అంకె మా సండే స్కూల్లో అందరికీ నోటికొచ్చు. తాతమ్మ మాత్రం అంకె చెప్పేది కాదు. కాలువ గట్టున మనవాళ్లు మట్టితట్టలు మోసి, సాయంత్రానికి గింజలు తెచ్చుకున్న సంగతే చెప్పేది. ఆ గంజి తాగబట్టే మనం ఉన్నాం అనేది.

నేనేం చేస్తున్నానంటావా? గొప్పవేం లేవు. రాత్రి తొమ్మిదికి ఫోను హాల్లో బీరువా మీద పెట్టేస్తున్నాను, టిక్కులు నీలమైనా కాకున్నా పొద్దున్నే. చెరువు లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో ఆ రోజు భయాన్ని పేరుపెట్టి రాస్తున్నాను. "బ్యాంకు వాయిదా", "పెద్దోడి గది అద్దె", అలా. పక్కన రేపు నేను చెయ్యగలిగింది ఒకటి రాస్తాను. ఏమీ లేకపోతే గీత గీసి వదిలేస్తాను. ఆ గీత దగ్గరే నా ప్రార్థన. కొన్ని రోజులు పేజీ నిండా గీతలే. తెల్లవారుజామున అత్తమ్మ పాడుతుంటే పక్కన కూర్చుంటాను, ఒక్కోసారి గొంతు కలుపుతాను, ఒక్కోసారి చిక్కుళ్లు వలుస్తూ ఊరికే వింటాను. ఆవిడ ఏమీ అనదు. గుండెదడ పూర్తిగా పోలేదు. వస్తుంది, కాసేపుంటుంది, వెళ్తుంది.

వాగ్దానపు క్యాలెండరు మీద గుర్తులు మాత్రం ఇంకా పెడుతున్నాను, అబద్ధమెందుకు. మొన్న అత్తమ్మ చూసి, "ఆ ఎర్ర పెన్నేంటే, ఎలాగూ లెక్కపెడుతున్నావు, ఎన్నాళ్లు నడిపించాడో కూడా లెక్కే కదా" అని నీలం పెన్ను చేతిలో పెట్టింది. ఇప్పుడు నీలంతో పెడుతున్నాను. తేడా ఏమైనా ఉందా అంటే, చూడ్డానికి కాస్త నయం.

నీ ఊళ్లో నీకొక అత్తమ్మ లాంటిది ఉందేమో వెతుక్కో. సంఘంలో ముందు వరసలో ఉండకపోవచ్చు. వెనకాల చాప మీద కూర్చుని, సాక్ష్యాలప్పుడు నోరు మెదపని ముసలావిడని చూడు. దొరక్కపోతే నాకు రాయి. మా అత్తమ్మకి రాత్రి నిద్ర తక్కువ, ఫోనెత్తుతుంది, కాస్త బిగ్గరగా మాట్లాడాలి.

ఇదిగో, లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. గట్టు మీద ఏరియేటర్ల చప్పుడూ ఆగింది. మా ఆయన అప్పుడే చెప్పులేసుకుంటున్నారు. టార్చి వెతికివ్వాలి, ఫ్లాస్కులో టీ పోసివ్వాలి. ఉంటానమ్మా.